కండెల గవరమ్మ చెప్పిన నిజం

ఊ కొడతానంటేనే చెబుతాను. మధ్యలో లేచి వెళ్ళిపోతే సగం కథ మీ వెంటబడి తిరుగుతుంది, నాకు తెలీదు మరి.

మీ తాతగారి తాతగారికి ఇంకా పాలపళ్ళు ఊడని కాలం. ఏటికి ఈవల మా మగ్గాలపేట అప్పుడూ ఉంది. ఊరంటే మూడు వీధులు. మూడు వీధుల్లోనూ నేతపనివాళ్ళే. తెల్లారితే చాలు, ఇంటింటా మగ్గం చప్పుడు. టకటక, టకటక. ఏ ఇంట్లోనైనా ఆ చప్పుడు ఆగిందంటే ఆ ఇంటికి ఏదో కష్టం వచ్చిందన్నమాట.

అప్పట్లో మా ఊళ్ళో ఇళ్ళకి కిటికీలుండేవి కావు. ఎందుకుండేవి కావంటే, గాలి తగిలితే నూలు ఆరిపోతుంది. ఆరిన పోగు పుటుక్కున తెగుతుంది. అందుకని నాలుగు వైపులా గోడలు మూసేసి, చిన్న గదిలో గుంట తవ్వుకుని, ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసేవారు. గదంతా నూలు దుమ్ము. ఆ దుమ్ముకి అందరికీ దగ్గే. పిల్లలు దగ్గేవారు, ముసలివాళ్ళు దగ్గేవారు. ఎవరు దగ్గినా "నూలు దుమ్ములే" అనుకుని ఊరుకునేవారు.

ఆ ఊళ్ళో గవరమ్మ అని ఒకావిడ. భర్త పోయాడు. సొంత మగ్గం లేదు. ఉన్నదల్లా ఒక రాట్నం. సంతలో నూలు చిలపలు, అంటే నూలు కట్టలు, తెచ్చి, రాట్నం మీద కండెలు చుట్టి, బుట్టలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఇచ్చేది. కండె అంటే ఏమీ లేదు, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్ల, దాని చుట్టూ నూలు. అది అయిపోతే మగ్గం ఆగిపోతుంది. అంటే గవరమ్మ రాకపోతే ఊరంతా ఆగిపోతుంది. కానీ ఆ మాట ఎవరికీ తోచలేదు. గుమ్మంలో నిలబడి "అమ్మా, కండెలొచ్చాయి" అని పిలిస్తే, "కండెల గవరమ్మొచ్చింది" అని లోపలికి రమ్మనేవారు. అంతే.

గవరమ్మకి ఒక్కడే కొడుకు, పోలిరాజు. సోమలింగం మేస్త్రీగారి మగ్గం మీద కూలికి నేసేవాడు. కోడలు పేరు నూకాలు. మూడు నెలల మనవరాలు. దానికింకా పేరు పెట్టలేదు. గవరమ్మ దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకునే రాట్నం తిప్పేది. ఆ చప్పుడికే పిల్ల నిద్రపోయేది.

ఒక చలికాలం గవరమ్మ చిలపల కోసం సంతకి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు గూడుబండిలో చోటు దొరికింది. చలిగాలి కొట్టకుండా బండి చుట్టూ గోనెపట్టాలు కట్టేశారు. లోపల ఆరుగురు, మోకాలికి మోకాలు తగిలేటట్టు. గవరమ్మ పక్కన ఎవరో పరాయి ఊరావిడ దారి పొడుగునా దగ్గుతూనే ఉంది.

"ఏటమ్మా, ఒంట్లో బాలేదా?" అంది గవరమ్మ.

"మా ఊళ్ళో ఇంటింటా ఇదే తల్లీ. జ్వరం, దగ్గు, ఆయాసం. ముసిలోళ్ళు మరి లేవట్లేదు" అంది ఆవిడ.

ఒక రోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. మూడో రోజు గవరమ్మకి గొంతు గరగరలాడింది. సాయంత్రానికి దగ్గొచ్చింది. "నూలు దుమ్ములే" అనుకుంది.

కోడలు నూకాలు మాత్రం అలా అనుకోలేదు. అత్తగారి చెయ్యి పట్టుకుని చూసింది.

"అత్తా, ఇది నూలు దగ్గు కాదు. ఒళ్ళు కాల్తంది నీకు. ఒక మాటంటాను, కోపం తెచ్చుకోకు. తగ్గేదాకా పెరట్లో పందిరి కింద పడుకుంటావా? పిల్ల పసిగుడ్డు."

గవరమ్మ గుండె చివుక్కుమంది. "నా ఇంట్లోంచి నన్నే పొమ్మంటావటే?"

నూకాలుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. మాట మాత్రం మార్చలేదు. "పొమ్మనట్లేదత్తా. మంచం నేనేస్తాను. వేడి గంజి నేనే తెస్తాను. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు వస్తాను. పిల్ల దగ్గరికి మాత్రం రాకు."

గవరమ్మ కొడుకు వైపు చూసింది. పోలిరాజు నేల చూశాడు. గవరమ్మ దుప్పటి చంకలో పెట్టుకుని పెరట్లోకి నడిచింది.

ఆ పందిరికి పైన తాటాకు, చుట్టూ గాలి. నూకాలు అన్నమాట ప్రకారమే మంచం వేసింది. కుంపటి పెట్టింది. గంజి తెచ్చేటప్పుడు ముక్కూ నోరూ కప్పేటట్టు గుడ్డ కట్టుకుని వచ్చేది. ముంత మంచం పక్కన పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడి, తాగేదాకా కబుర్లు చెప్పేది. తిరిగి వెళ్ళి కుంకుడు నురుగుతో చేతులు కడుక్కుని అప్పుడు పిల్లని ఎత్తుకునేది. గవరమ్మ గంజి తాగేది. కబుర్లకి మాత్రం పలికేది కాదు. కోడలితో మాటలు మానేసింది.

కానీ మగ్గాలు ఆగవు కదా. కండెలు ఇవ్వాలి కదా. ఒకరోజు పొద్దున్నే, కోడలు లేవకముందే, బుట్ట నెత్తిన పెట్టుకుని గవరమ్మ ఊళ్ళోకి బయల్దేరింది.

ముందు మొదటి వీధిలో మేస్త్రీగారి ఇంటికి వెళ్ళింది. "అమ్మా, కండెలొచ్చాయి!" సోమలింగం మేస్త్రీగారి తల్లి ఎర్రమ్మకి కళ్ళు కనపడవు. మనిషి దొరికితే వదిలేది కాదు. గవరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది. తలుపులు మూసిన గదిలో ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

"ఏటే గవరా, దగ్గుతున్నావు?"

"నూలు దుమ్మే పిన్నీ."

ఆ వీధిలోనే పడుగులు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, సరిచేసే లచ్చుమయ్య ఇంటికి వెళ్ళింది. "అమ్మా, కండెలొచ్చాయి!" అక్కడా దగ్గింది. "నూలు దుమ్మే అన్నా."

తర్వాత రెండో వీధిలో, కొత్తగా కాపురానికి వచ్చిన బోడెమ్మ ఇంటికి వెళ్ళింది. "అమ్మా, కండెలొచ్చాయి!" బోడెమ్మకి కండెలు చుట్టడం సరిగ్గా రాదు. ఆ పిల్ల వెనక కూర్చుని, భుజం మీదుగా చెయ్యి చాపి నేర్పించింది. అక్కడా దగ్గింది. "నూలు దుమ్మే తల్లీ."

మూడో వీధికి వెళ్ళలేకపోయింది. కాళ్ళు లాగేశాయి. ఇంటికొచ్చి పందిరి కింద పడుకుంది.

నాలుగు రోజులకి మేస్త్రీగారింట్లో మగ్గం ఆగింది. ఆ మర్నాడు లచ్చుమయ్య ఇంట్లో ఆగింది. ఆ మర్నాడు బోడెమ్మ ఇంట్లో ఆగింది. అక్కడి నుంచి పక్కింటికి, పక్కింటి నుంచి ఎదురింటికి. మొదటి వీధంతా దగ్గు. రెండో వీధంతా దగ్గు. జ్వరం, ఆయాసం. చుట్టాలు చూడ్డానికి వచ్చి మూసిన గదుల్లో మంచం చుట్టూ కూర్చునేవారు. వాళ్ళూ పడిపోయేవారు.

ముందు ఎర్రమ్మ పోయింది. తర్వాత లచ్చుమయ్య పోయాడు. తర్వాత బోడెమ్మ పోయింది. కాళ్ళ పారాణి ఇంకా పోలేదు ఆ పిల్లకి.

తల్లి తర్వాత బోడెమ్మనీ సాగనంపి వచ్చిన మర్నాడు పొద్దున్న సోమలింగం మేస్త్రీ తన అరుగు మీద కూర్చున్నాడు. మంచివాడే, న్యాయం తెలిసినవాడే. కానీ ఆ రోజు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చుట్టూ మగవాళ్ళు.

"ఎవరు తెచ్చారు ఈ రోగాన్ని?" అన్నాడు.

ఒకడు అన్నాడు, "తోటలో అచ్చులవాళ్ళు దిగారు కదా మేస్త్రీ. వాళ్ళు దిగిన వారంలోనే మొదలైంది."

అచ్చు అంటే మగ్గంలో పోగుల్ని దువ్వెనలా విడదీసే పరికరం. దాన్ని కట్టేవాళ్ళు ఏడాదికోసారి వచ్చి, ఊరి బయట జీడితోటలో గుడారం వేసుకుని, పాతవి బాగుచేసి వెళ్ళేవారు. ఆ ఏడు వచ్చింది ఒక మొగుడూ పెళ్ళాం, ముసలి తండ్రి.

"వాళ్ళే" అన్నాడు ఇంకొకడు. "వాళ్ళే" అన్నారు ముగ్గురు. "వాళ్ళే" అన్నారు అందరూ. ఎండెక్కేలోపు వెళ్ళి, గుడారం తగలెట్టి, ముగ్గుర్నీ ఏరు దాటించేద్దామనుకున్నారు. చలికాలం ఏరు. నడుంలోతు నీళ్ళు. ఆ ముసలాయన దాటగలడా లేదా అని ఎవరూ అడగలేదు.

పోలిరాజు పరుగున వచ్చి తల్లికీ పెళ్ళానికీ ఈ మాట చెప్పాడు.

గవరమ్మకి అప్పటికి జ్వరం తగ్గింది. మంచం మీద లేచి కూర్చుంది. వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలెట్టింది. బండిలో ఆవిడ. మూడు రోజులకి తను. తను వెళ్ళిన నాలుగు రోజులకి ఎర్రమ్మ. లచ్చుమయ్య. బోడెమ్మ. తను వెళ్ళని మూడో వీధిలో ఒక్కరికీ లేదు. అచ్చులవాళ్ళ గుడారంలో ఒక్కరికీ లేదు. తన ఇంట్లో, కొడుక్కి లేదు, కోడలికి లేదు, పిల్లకి లేదు.

గవరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నూకాలూ" అని పిలిచింది. అన్నాళ్ళుగా పిలవని పిలుపు. "వాళ్ళు కాదే. నేనే. నేనే మోసుకెళ్ళాను. ఇంటింటికీ బుట్టలో పెట్టి ఇచ్చొచ్చాను."

నూకాలు పిల్లని ఎత్తుకుని గడపలోనే నిలబడింది.

"చెబితే మనల్ని ఉండనిస్తారా? నా చేతి కండె ఎవరు ముట్టుకుంటారు? వీడికి మేస్త్రీ మగ్గం ఇస్తాడా? ఆయన తల్లిని చంపినదాన్ని నేను."

"నీకు తెలీక చేశావత్తా."

"ఇప్పుడు తెలిసిందే. అదే కదా."

నూకాలు పిల్లని భుజం మీదికి మార్చుకుంది. తర్వాత అంది, "అయితే చెప్పత్తా. మనం ఎక్కడైనా బతుకుతాం. ఆ ముసలాయన ఏరు దాటలేడు."

గవరమ్మ ఒక గుడ్డ తీసుకుని ముక్కూ నోరూ కప్పి కట్టుకుంది. జీడితోట దారిలోకి వెళ్ళి అడ్డంగా నిలబడింది. కర్రలు పట్టుకుని ఊరి మగవాళ్ళు వస్తున్నారు. ముందు సోమలింగం మేస్త్రీ.

"అక్కడే ఆగండి! నా దగ్గరికి రాకండి" అంది గవరమ్మ.

"తప్పుకో గవరమ్మా."

"తప్పుకోను బాబూ. వాళ్ళు తేలేదు. నేను తెచ్చాను."

అందరూ నిలబడిపోయారు. గవరమ్మ మొదట్నించీ చెప్పింది. సంత చెప్పింది. బండి చెప్పింది. దగ్గు చెప్పింది. ఏదీ దాచలేదు.

"ఇంకొకటి కూడా చెప్పాలి" అంది. "నా కోడలు నన్ను పందిట్లో పడుకోమంది. నా మనవరాలికి సోకకూడదని పడుకున్నాను. అది తెలిసి కూడా మీ అమ్మ పక్కన కూర్చున్నాను బాబూ. నా పిల్లకి వద్దనుకున్నది మీ ఇంటికి పట్టుకొచ్చాను. నూలు దుమ్మే అన్నాను. ఆ పిచ్చితల్లి నా చెయ్యి పట్టుకుని నవ్వింది. ఆ కర్రలు పట్టుకెళ్ళాల్సింది తోటలోకి కాదు, నా ఇంటికి."

 

సోమలింగం మేస్త్రీ చేతిలో కర్ర కింద పెట్టాడు. దారి మధ్యలోనే, మట్టిలో, కూలబడ్డాడు. తల్లి పోయినప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. తర్వాత లేచి, ఉన్నచోటే నిలబడి చేతులు జోడించాడు.

"గవరమ్మా, నువ్వు నోరు విప్పకపోతే ఈపాటికి నా చేతులతో నేను ఏటి చేసుండేవాణ్ణి? ఏ ముఖం పెట్టుకుని మా అమ్మకి పిండం పెట్టేవాణ్ణి? మేలు చేశావు. చెప్పి మేలు చేశావు."

కొంతమంది గొణిగారు. లచ్చుమయ్య తమ్ముడు ముఖం తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆయన మళ్ళీ గవరమ్మతో మాట్లాడటానికి రెండేళ్ళు పట్టింది. ఆవిడ తప్పు పట్టలేదు.

"ఇప్పుడేటి చెయ్యాలి?" అన్నాడు మేస్త్రీ.

"నాకేటి తెలుసు బాబూ? నా కోడల్ని అడగండి. మా ఇంటిని కాసింది అదే."

ఆ రోజు ఊరి పెద్దలు కండెల గవరమ్మ పెరట్లోకి వచ్చి, దూరదూరంగా నిలబడి, పాతికేళ్ళు నిండని పిల్ల చెప్పింది విన్నారు. నూకాలు పెద్దగా ఏమీ చెప్పలేదు. గాలి, గుడ్డ, గడప. ఈ మూడే చెప్పింది. గాలి ఆడనివ్వండి. దగ్గేవాళ్ళూ, వాళ్ళకి చేసేవాళ్ళూ గుడ్డ కట్టుకోండి. జబ్బున్న ఇంట్లోవాళ్ళు గడప దాటకండి, బయటివాళ్ళు గడప తొక్కకండి. ఇంటికొక్కరే జబ్బువాళ్ళకి సేవ చెయ్యండి, చేసి చేతులు కడుక్కోండి.

"మరి ఒంటరిగా ఉన్నవాళ్ళని ఎవరు చూస్తారు? చావమని వదిలేద్దామా?" అని ఎవరో అడిగారు.

"వదిలేయమని ఎవరన్నారు?" అంది నూకాలు. "మా అత్తని దూరం పెట్టాను. వదిలెయ్యలేదు. మూడుపూటలా గంజి తెచ్చాను. పలక్కపోయినా పలకరించాను. గడప మీద తిండి పెట్టి, లోపల్నుంచి పలికేదాకా పిలవాలి. పలక్కపోతే అప్పుడు గుడ్డ కట్టుకుని లోపలికెళ్ళాలి."

మేస్త్రీ ఇంటికి వెళ్ళి గడ్డపార తీశాడు. తల్లి పడుకున్న గదిలో, మగ్గం పక్క గోడకి, స్వయంగా కన్నం కొట్టాడు. పెళ్ళలు రాలాయి. తాతల కాలం నుంచి ఎండ చూడని గదిలోకి గాలీ వెలుగూ వచ్చాయి. మగ్గం మీద పోగులు పుటపుటా తెగిపోయాయి. "తెగనీ. అతికించుకుంటాను. మనిషిని అతికించుకోలేను" అన్నాడు. సాయంత్రానికి ఊళ్ళో పాతిక గోడలకి కన్నాలు పడ్డాయి.

అచ్చులవాళ్ళు ఊరొదిలి వెళ్ళలేదు. వాళ్ళ కోసం కర్రలతో బయల్దేరిన సంగతి వాళ్ళకీ తెలిసింది. రెండు రోజులు గుడారంలోంచి బయటికి రాలేదు. మూడో రోజు ఆ ముసలాయన కొడుకుని తీసుకుని వచ్చాడు. "వెదురు చీల్చడం మాకు వచ్చు" అని, పెరడున్న ప్రతి ఇంటికీ ఒక పందిరి వేసి పెట్టారు. ఆ పందిళ్ళ కింద దగ్గేవాళ్ళు పడుకున్నారు. మేస్త్రీ ఆ ముసలాయన దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పబోయాడు. ఆయన "తాడు పట్టుకో బాబూ" అన్నాడు. మేస్త్రీ తాడు పట్టుకున్నాడు.

ఇంతలో పోలిరాజు పడ్డాడు. ఎర్రమ్మని మోసినవాళ్ళలో వాడొకడు. ఇప్పుడు నూకాలు పిల్లని తీసుకుని పెరటి పందిట్లోకి వెళ్ళింది. గవరమ్మ ముఖానికి గుడ్డ కట్టుకుని లోపల కొడుకు దగ్గర కూర్చుంది. గోడకి కొత్తగా కొట్టిన కన్నంలోంచి అత్తాకోడళ్ళు మాట్లాడుకునేవారు.

"ఎలాగున్నాడత్తా?"

"గంజి తాగాడే. పిల్లేం చేస్తంది?"

"నీ రాట్నం కోసం ఏడుస్తంది."

గవరమ్మ రాట్నం కన్నం దగ్గరికి లాక్కుని తిప్పింది. బయట పిల్ల ఏడుపు మానింది. అప్పుడు గవరమ్మ అంది, "నూకాలూ, నిన్ను ఆ రోజు తిట్టుకున్నానే."

"తెలుసత్తా."

"అన్ని రోజులు పలకలేదు."

"లెక్కెట్టాను."

"మేలు చేశావే తల్లీ."

కన్నం అవతల ముక్కు చీదుకోవడం వినపడింది. "దగ్గేమో చూసుకో" అంది గవరమ్మ కంగారుగా. "దగ్గు కాదత్తా, ఏడుపు" అంది నూకాలు. మంచం మీద పోలిరాజు ఆయాసంలోనే నవ్వాడు.

పోలిరాజు బతికాడు. పిల్లకి సోకలేదు. కొత్తగా పడేవాళ్ళు తగ్గారు. పడినవాళ్ళలో చాలామంది లేచారు, అందరూ లేవలేదు. ఇంకో ఇద్దరు పోయారు. మూడో వీధిలో మాత్రం జబ్బుతో ఒక్క మగ్గమూ ఆగలేదు. అమావాస్య వెళ్ళి పున్నమి వచ్చింది. ఇంకో అమావాస్య వెళ్ళి ఇంకో పున్నమి వచ్చింది. మూడో పున్నమికి ఊళ్ళో కొత్తగా దగ్గేవాళ్ళు లేరు.

తన చేతి కండె ఎవరూ ముట్టుకోరనుకుంది గవరమ్మ. బుట్ట అటకెక్కించేసింది. ఒకరోజు పొద్దున్న గుమ్మంలో మనుషులు. మేస్త్రీ భార్య వచ్చింది. మూడో వీధివాళ్ళు వచ్చారు. బోడెమ్మ అత్తగారు వచ్చింది, కళ్ళు తుడుచుకుంటూనే వచ్చింది. "కండెల్లేక మగ్గాలు ఆగిపోయాయి గవరమ్మా. ఇస్తావా?" అన్నారు. ఏళ్ళ తరబడి గవరమ్మ వాళ్ళ గుమ్మాల్లో నిలబడింది. ఆ రోజు వాళ్ళు ఆవిడ గుమ్మంలో నిలబడ్డారు.

గవరమ్మ చాలాకాలం బతికింది. మనవరాలికి పెళ్ళి చేసి, ఆ పిల్ల పిల్లల్ని ఎత్తుకుని, నిద్రలో పోయింది. పోయిన రోజున మేస్త్రీ కొడుకులూ, అచ్చులవాళ్ళ కొడుకులూ కలిసి మోశారు. గుడి కట్టలేదు. బొమ్మ పెట్టలేదు. మా ఊరికి అవి చేతకావు.

కానీ మీరు మగ్గాలపేట వచ్చి చూడండి. ప్రతి ఇంట్లోనూ మగ్గం పక్కన కిటికీ ఉంటుంది. దాన్ని గవరమ్మ కిటికీ అంటాం. నూలు ఆరిపోకుండా నేతగాడు పక్కనే తడిగుడ్డ పెట్టుకుంటాడు గానీ కిటికీ ముయ్యడు. చలిగాలి తిరిగితే పెరట్లో పందిరి మీద తాటాకు మారుస్తాం. దాన్ని మాత్రం నూకాలు పందిరి అంటాం.

ఇంకొకటి కూడా ఉంది. అది బయటి ఊరివాళ్ళకి వింతగా ఉంటుంది. మొన్న మా చిన్నాడి పెళ్ళికి మా వియ్యపురాలు, పెద్దాడి అత్తగారు, మూడు బస్సులు మారి వచ్చింది. కొత్త పట్టుచీర కట్టుకుంది. చేతిలో సారె గంప. తీరా వీధి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. "దారిలో దగ్గు మొదలైంది వదినా. లోపలికి రాను" అంది. ఆవిడా ఈ ఊరి ఆడపడుచే.

మేము "ఫరవాలేదు రా" అనలేదు. "అయ్యో, ఇప్పుడేనా" అనలేదు. పెళ్ళికొడుకుతో సహా ఇంటిల్లిపాదీ లేచి నిలబడి, గుమ్మంలో ఉన్న ఆవిడకి చేతులు జోడించి, ఒక్క గొంతుతో అన్నాం:

"మేలు చేశావు."